జూన్ ఖర్చు జనవరిలోనే మొదలవుతుంది

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఇది ఏ ఇంటికీ కొత్త కబురు కాదు. ఫీజు ఎంత పెంచారో కూడా చాలా స్కూళ్లు వేసవి సెలవులకు ముందే చెప్పేస్తాయి. అయినా మే నెలాఖరుకు బంగారం మీద అప్పు ఇచ్చే కౌంటర్ల దగ్గర తల్లిదండ్రులు కనిపిస్తూనే ఉంటారు. "అక్కా, ఓ యాభై వేలు సర్దుతావా? దసరాకి ఇచ్చేస్తాను" అని తమ్ముళ్లు ఫోన్లు చేస్తూనే ఉంటారు. దసరాకి ఇవ్వడం కుదరదు. దసరాకి దసరా ఖర్చు ఉంటుంది. బాకీ సంక్రాంతికి జరుగుతుంది, సంక్రాంతి నుంచి మళ్లీ జూన్‌కి జరుగుతుంది. నడుమ వడ్డీ మాత్రం ఏ నెలా జరగకుండా పెరుగుతూ పోతుంది.

ఇంటి ఖర్చు తగ్గించుకోవడం గురించి మాట వస్తే మనం వెంటనే కూరగాయల బేరం, లైట్లు ఆర్పడం, సినిమా మానేయడం దగ్గర మొదలుపెడతాం. అవన్నీ అవసరమే. కానీ మధ్యతరగతి ఇల్లు చితికిపోయేది వంకాయల దగ్గర కాదు, ఏడాది ముందే తెలిసి కూడా లెక్కలో రాసుకోని పెద్ద ఖర్చుల దగ్గర. బడి ఫీజు, పండగలు, ఇన్సూరెన్స్ ప్రీమియం, బండి సర్వీసు, పెళ్లిళ్లలో చదివింపులు, ఊరి ప్రయాణాలు. వీటిలో ఒక్కటీ హఠాత్తుగా ఊడిపడింది కాదు. మనం నెల లెక్క వేసుకుంటాం, ఇవి నెలలో ఇమడవు. అందుకే వచ్చిన ప్రతిసారీ ఆపద వచ్చినట్టే ఉంటుంది.

పదహారు వేలు ఎక్కడ?

ఒక ఇంటిని ఊహించుకుందాం. గుంటూరులో ఉంటారు. భర్తది ప్రైవేటు ఉద్యోగం, పీఎఫ్ పోను చేతికి 45,000 వస్తుంది. భార్య ఇల్లు చూసుకుంటుంది, ఇద్దరు పిల్లలు బడికి వెళ్తున్నారు. అద్దె 11,000. బియ్యం, పప్పులు, పాలు, కూరగాయలు, బయటి తిళ్లు అన్నీ కలిపి 12,000. కరెంటు, గ్యాసు, ఫోన్లు, ఇంటర్నెట్‌కి 3,000. పెట్రోలుకి 2,500. మొత్తం 28,500. జీతంలోంచి అది తీసేస్తే 16,500 మిగులుతోంది. నెల లెక్క ప్రకారం ఈ ఇల్లు హాయిగా ఉంది. ఆ ధైర్యంతోనే పెద్ద టీవీ వాయిదాల మీద ఇంటికొస్తుంది.

ఇప్పుడు అదే ఇంటికి ఏడాది లెక్క వేద్దాం. పిల్లలిద్దరి ఫీజులు 72,000. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు 12,000. దసరా, దీపావళి, సంక్రాంతి, పుట్టినరోజులు, బట్టలు కలిపి 30,000. బండి ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్లు 9,000. ఆరోగ్య బీమా, జీవిత బీమా 27,000. డాక్టరు, మందులు 12,000. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, పెట్టుపోతలు 15,000. ప్రయాణాలు, ఇంట్లో పాడైన సామాను 15,000. అన్నీ కలిపితే 1,92,000. పన్నెండుతో భాగిస్తే నెలకు సరిగ్గా 16,000.

అంటే మిగిలిందనుకున్న 16,500లో ఆ ఇంటికి నిజంగా మిగిలింది ఐదు వందలు. తక్కిందంతా జూన్‌ది, అక్టోబరుది, జనవరిది, ప్రీమియం గడువుది. టీవీ వాయిదా 2,000 అనుకుంటే అది మిగులులోంచి పోవడం లేదు, పిల్లల ఫీజులోంచి పోతోంది. ఆ సంగతి జూన్ దాకా ఎవరికీ తెలియదు.

ఆదివారం ఓ గంట కూర్చుంటే ఈ లెక్క ఏ ఇంటికైనా తేలుతుంది. నిరుటి బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌లో యూపీఐ చెల్లింపుల చరిత్ర ముందు పెట్టుకుని, నెలనెలా రాని ఖర్చులన్నీ ఒక కాగితం మీద రాయాలి. ఏ నెలలో ఎంత అన్నది పక్కనే రాయాలి. చివర్లో కూడి పన్నెండుతో భాగించాలి. చాలామందికి ఆ అంకె అద్దెకంటే పెద్దదిగా తేలుతుంది.

ఏడాది లెక్క మనవాళ్లకు తెలియనిదేం కాదు. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ముందు వినేది మన రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అనే. వ్యయం ఎక్కువగా ఉంటే ఆ పూట ఇంట్లో పెద్దవాళ్ల మొహం వాడిపోతుంది. ఆర్థిక సంవత్సరం మొదలయ్యేదీ ఉగాదికి అటూఇటూగానే. పచ్చడి తిన్న రోజునే మన ఇంటి అసలు ఆదాయ వ్యయాలు కూడా రాసుకుంటే, ఆ ఏడాది ఫలితాల్లో కొన్నయినా మన చేతిలో ఉంటాయి.

రాసుకోవడంతో పని అయిపోదు. ఆ 16,000 జీతం పడే ఖాతాలో ఉంటే కరిగిపోతుంది. ఎంత నిగ్రహమున్న మనిషికైనా కళ్ల ముందున్న డబ్బు ఖర్చు పెట్టదగ్గదిగానే కనిపిస్తుంది. అందుకని రెండో ఖాతా కావాలి. దానికి డెబిట్ కార్డు తీసుకోవద్దు, యూపీఐ కలపొద్దు. జీతం పడిన మర్నాడే అందులోకి డబ్బు దానంతటదే వెళ్లేలా బ్యాంకుకు ఆదేశం ఇచ్చేయాలి. ఫీజు కోసమైతే జూన్‌లో మొదలై మే నెలాఖరుకు పూర్తయ్యే ఏడాది రికరింగ్ డిపాజిట్ వేయొచ్చు. మొదటి ఏడాది మాత్రం కష్టంగానే ఉంటుంది. పాత అప్పు తీరుస్తూ కొత్త ఖర్చుకు దాచడం రెండు బరువులు ఒకేసారి మోయడమే. ఆ ఒక్క ఏడాది గట్టెక్కితే తర్వాత ప్రతి జూన్ మామూలు నెలే.

కోత ఎవరి మీద?

మన గుంటూరు ఇంటికి ఇప్పుడు రెండో సమస్య. ఏడాది ఖర్చులకు దాచాక ఐదు వందలే మిగిలితే రేపటికి ఏం దాస్తారు? ఎక్కడో తగ్గించాలి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఖర్చు తగ్గిద్దామని నిర్ణయం కాగానే తెలుగిళ్లలో మొదటి కోత చప్పుడు లేకుండా ఇల్లాలి మీద పడుతుంది. ఆవిడ తాగే పాలు పిల్లలకు పోతాయి, పండు మానేస్తుంది, మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా పడుతుంది. బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటుంది. అది పొదుపు కాదు. నాలుగేళ్ల తర్వాత ఆసుపత్రి బిల్లుగా తిరిగొచ్చే అప్పు. తిండిలోని పోషణ, మందులు, పిల్లల చదువు ఈ మూడింటి జోలికి వెళ్లకుండా ఎక్కడ తగ్గుతుందో వెతకాలి.

వెతికితే దొరుకుతుంది. కేంద్ర ప్రభుత్వం 2023-24లో చేసిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణాల్లో ఒక మనిషి నెల ఖర్చు సగటున 6,996 రూపాయలు, పల్లెల్లో 4,122. పట్టణాల్లో అందులో దాదాపు 40 శాతం తిండికే పోతోంది. తిండిలో అన్నిటికంటే పెద్ద పద్దు బియ్యం కాదు, పాలు కాదు. పానీయాలు, ప్యాకెట్ తిళ్లు, బయట వండినవి తెచ్చుకునే భోజనాలు. మొత్తం ఖర్చులో అవే 11 శాతం దాకా ఉన్నాయి. కూరగాయలకు పెట్టేది అందులో సగం కూడా లేదు. రైతు బజారులో రెండు రూపాయల కోసం పావుగంట బేరమాడిన ఇల్లే, ఆ రాత్రి ఇంటికి తెప్పించుకున్న బిర్యానీ మీద ప్యాకింగు, డెలివరీ ఛార్జీలు చూడకుండా కట్టేస్తోంది. నెలకు ఎన్నిసార్లు బయటినుంచి తెప్పించుకోవాలో ఇంటిల్లిపాదీ కలిసి ముందే అనుకుంటే పిల్లలు కూడా ఒప్పుకుంటారు. అప్పటికప్పుడు వద్దంటేనే గొడవ.

మన అమ్మమ్మలు ఏడాది సరుకు ఒకేసారి కొనేవాళ్లు. కొత్త కందులు వచ్చినప్పుడు పప్పు, వేసవిలో చింతపండు, మిరపకాయలు, పసుపు. ఎండబెట్టి, జాడీలకెత్తి, పురుగు పట్టకుండా కాపాడుకునేవాళ్లు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో చోటు లేదు, తీరిక లేదు. అయినా చింతపండు, ఎండుమిర్చి, పసుపు, బియ్యం వరకు పంట చేతికొచ్చే రోజుల్లో తీసుకోవడం ఇప్పటికీ లాభమే. ఇద్దరు ముగ్గురు తోడికోడళ్లో, పక్కింటివాళ్లో కలిసి తెప్పించుకుంటే దుకాణంలో చిల్లరగా కొనే ధరకంటే తక్కువలో వస్తుంది. 1999 జనవరిలో మొదలైన రైతు బజార్లలో రోజూ ధరల బోర్డు పెడతారు. కొనేది ఎక్కడైనా సరే, ఆ బోర్డు ఒకసారి చూసుకుంటే బేరానికి ఒక ఆధారం ఉంటుంది.

కరెంటు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ ఒక్క యూనిట్‌కి వందల తేడా వస్తుంది. తెలంగాణలో 2022 నుంచి అమల్లో ఉన్న ఛార్జీల ప్రకారం నెలకు 200 యూనిట్లు కాల్చిన ఇంటికి మొదటి వందకు 3.40 చొప్పున, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు పడుతుంది. 201వ యూనిట్ కాలిస్తే ఆ ఇల్లు వేరే వర్గంలోకి వెళ్తుంది. మొత్తం 200 యూనిట్లకూ 5.10 చొప్పున కట్టాలి, పైదానికి 7.70. అంటే బిల్లు 1,027 దాటుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల పైమాట. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా ఉచితం పొందుతున్న కుటుంబానికైతే ఆ గీత దాటితే మొత్తం బిల్లు మీద పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇలా ఒక్కసారిగా మారదు గానీ, 225 యూనిట్లు దాటాక ప్రతి యూనిట్ ఆరు రూపాయల నుంచి 8.75కి ఎక్కుతుంది. కాబట్టి నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకోవాలి. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30కి అటూఇటూ తీసుకుంటుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగే చోట నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. ఏసీ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెంచితే కరెంటు దాదాపు ఆరు శాతం ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ లెక్క కట్టింది. 24 దగ్గర పెట్టి, ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు.

షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు ఇవాళ దాదాపు ప్రతి ఇంట్లో నెల సరుకుల్లో చేరిపోయాయి. అదే మందు జనఔషధి దుకాణాల్లో బ్రాండు ధరలో సగానికి, కొన్నిసార్లు పదో వంతుకే దొరుకుతుంది. మీ డాక్టరును మందు అసలు పేరు రాసిమ్మని అడగండి. అడగడంలో నామోషీ ఏమీ లేదు. ఆడవాళ్లకు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. రోజూ పనికి వెళ్లే మహిళకు దీనివల్ల మిగిలే ఛార్జీ చిన్నది కాదు. ఆ మిగిలింది ఆవిడ పేరున ఖాతాలో పడితేనే మిగిలినట్టు. లేకపోతే ఇంకో ఖర్చులో కలిసిపోతుంది.

కారు గురించి మాత్రం నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. ఎనిమిది లక్షలు అప్పు తెచ్చి, తొమ్మిది శాతం వడ్డీకి ఏడేళ్ల వాయిదాలు పెట్టుకుంటే నెలకు దాదాపు 12,900 కట్టాలి. ఏడేళ్లలో వడ్డీయే 2,80,000 దాటుతుంది. పెట్రోలు, ఇన్సూరెన్స్, సర్వీసు దీనికి అదనం. వారానికోసారి తీసే బండికి ఇంత పెట్టేకంటే అవసరం వచ్చినప్పుడల్లా ట్యాక్సీ మాట్లాడుకోవడం ఎంతో చవక. ముసలి తల్లిదండ్రులున్నారు, ఊరికి దూరంగా పని అంటే వేరే మాట. చుట్టాలు కొన్నారని కొనే కారు మాత్రం పిల్లల కాలేజీ డబ్బు మింగేస్తుంది.

ఇక పెట్టుపోతలు. చదివింపులు మన సమాజంలో ఒకరికొకరు తోడుండడానికి పుట్టిన ఏర్పాటు. పెళ్లివారికి ఆ రోజు కాస్త ఆసరా దొరకడం దాని ఉద్దేశం. ఇవాళ ఓణీల ఫంక్షన్ నుంచి షష్టిపూర్తి దాకా ప్రతిదీ కల్యాణ మండపంలోనే జరగాలనే పట్టుదల వచ్చింది. అప్పు చేసి విందు పెట్టేవాళ్లూ, అప్పు చేసి కానుక తెచ్చేవాళ్లూ ఒకరికొకరు ఎదురుపడి నవ్వుకుంటున్నారు. "ఇంతే ఇవ్వగలం" అని ఏడాదికి ఒక మొత్తం పెట్టుకుని, దగ్గరివాళ్లకు ఎక్కువ, దూరంవాళ్లకు తక్కువ అని ముందే రాసుకున్న ఇల్లు ఎవరినీ అవమానించినట్టు కాదు.

ఇవన్నీ కలిపి గుంటూరు ఇంటికి ఏం తేలుతుంది? బయటి తిళ్లలో 1,500, కరెంటు, ఫోన్లలో 400, మందుల్లో 400, పండగలు, పెట్టుపోతల్లో నెల సగటున వెయ్యి. మొత్తం 3,300. పెద్ద అంకెలా కనిపించదు. దాంతో ఏమవుతుందో ముందుకు వెళ్తే చూస్తాం.

నూటికి మూడు

అప్పున్న ఇంట్లో మొదటి పొదుపు అప్పు తీర్చడమే. మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో వడ్డీని నెలకు నూటికి ఇంత అని చెబుతారు. నూటికి రెండు, నూటికి మూడు. వినడానికి చిన్నగా ఉంటుంది. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. యాభై వేలు తెచ్చుకుని నెలనెలా పదిహేను వందల వడ్డీ మాత్రమే కడుతూ పోతే రెండేళ్లకు 36,000 కట్టేశారు, అసలు యాభై వేలు అలాగే ఉంది. రైతు కుటుంబాల పరిస్థితి మీద 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 93 శాతం, తెలంగాణలో దాదాపు 92 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నట్టు తేలింది. దేశంలో ఈ రెండు రాష్ట్రాలదే ముందు వరుస. పంట నష్టం, గిట్టుబాటు లేకపోవడం దానికి మూలాలు. ఆ ఇళ్లకు బడ్జెట్ పాఠం చెప్పి సరిపెట్టడం అన్యాయం. కానీ ఎంత వడ్డీకి తెచ్చామన్నది మాత్రం అక్కడా తేడా తెస్తుంది. ఇంట్లో బంగారం ఉండి కూడా నూటికి మూడుకు తెచ్చేవాళ్లున్నారు. అదే బంగారం మీద బ్యాంకులో ఏడాదికి పది శాతానికి అటూఇటూగా అప్పు దొరుకుతుంది. పరువు కోసం బంగారం బీరువాలో ఉంచి మూడు రెట్లకు పైగా వడ్డీ కట్టడం ఏ లెక్కకూ అందదు.

పట్నంలో నూటికి మూడు పేరు మారింది, క్రెడిట్ కార్డు అయింది. బిల్లు మొత్తం గడువులోగా కట్టేవాళ్లకు అది మంచి సదుపాయమే. 'కనీస మొత్తం' కట్టి ఊరుకునేవాళ్లకు ఉరి. యాభై వేలు బాకీ ఉందనుకుందాం. నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 1,750, దానిమీద జీఎస్‌టీ 315, మొత్తం 2,065. కనీసంగా కట్టమన్నది ఐదు శాతం, అంటే 2,500. అందులో అసలుకు జమ అయ్యేది 435 రూపాయలే. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీలేని గడువు వర్తించదు. 'వడ్డీ లేని వాయిదాలు' అనేవి కూడా నిజంగా వడ్డీ లేనివి కావు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. ఆ వడ్డీ ఏదో రూపంలో వస్తువు ధరలోనో, రాయితీ లేకపోవడంలోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో ఉంటుంది.

ఫోన్‌లో ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌లు ఇంకో ప్రమాదం. 2020 చివర్లో ఇవి తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్లను ఏడిపించాయో మరచిపోకూడదు. మన ఫోన్‌లోని నంబర్లన్నీ లాక్కుని బంధువులకు అసభ్యంగా సందేశాలు పంపి ప్రాణాలు తీశాయి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు సిగ్గుపడి దాచుకోవద్దు. ఇంట్లో చెప్పండి, 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.

తీర్చే పద్ధతి ఇది. అప్పులన్నీ ఒక కాగితం మీద వడ్డీ శాతం ప్రకారం రాయండి. అన్నిటికీ కట్టాల్సిన వాయిదా కడుతూ, మిగిలిన ప్రతి రూపాయీ అన్నిటికంటే ఎక్కువ వడ్డీ ఉన్నదానికి పంపండి. అది తీరాక దానికి కడుతున్న మొత్తాన్ని రెండోదానికి మళ్లించండి.

రోజుకో రూపాయి

తెలుగునేలపై అతిపెద్ద ఇంటి ఖర్చు కోత ఏ ఆర్థిక నిపుణుడి సలహాతోనూ జరగలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1992లో ఊరూరా పాకిన ఆ ఉద్యమానికి ప్రభుత్వం తలవంచి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించింది. భర్తల కూలి డబ్బు సాయంత్రానికి సారా దుకాణంలో ఆవిరైపోయే ఇళ్లలో మొదటిసారి కాస్త డబ్బు నిలిచింది. నిలిచిన డబ్బును ఆ ఆడవాళ్లు 'పొదుపు లక్ష్మి' సంఘాలుగా ఏర్పడి రోజుకో రూపాయి చొప్పున దాచుకున్నారు. ఆ తర్వాత డ్వాక్రా సంఘాలు, వెలుగు పథకం ఆ అలవాటును ఊరూరికీ చేర్చాయి.

ఆ సంఘాల్లో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది రూపాయి కాదు, పుస్తకం. ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు అన్నది పదిమంది ముందు చదువుతారు. అక్షరం రాని మనిషికి కూడా తన లెక్క నోటికి వస్తుంది. నెలకు లక్ష సంపాదించే దంపతుల్లో ఒకరి అప్పు ఇంకొకరికి తెలియని ఇళ్లు ఈ రోజు ఎన్ని లేవు!

మన ఇళ్లలో పొదుపుకు ఇంకో పాత దారి చీటీ. నెలనెలా కట్టే క్రమశిక్షణ, అవసరానికి పాడుకునే వీలు రెండూ ఉన్నాయి కాబట్టే అది ఇంతకాలం నిలిచింది. ఫీజుకో, పెళ్లికో, ఇంటి మరమ్మతుకో చీటీ మంచి సాధనమే. అయితే అది చిట్‌ఫండ్ల చట్టం 1982 కింద రిజిస్టరైనదై ఉండాలి. నిర్వాహకుడి కమీషన్ ఏడు శాతానికి మించకూడదు. ఒప్పంద పత్రం, రిజిస్ట్రేషన్ నంబరు చేతికి రాకుండా డబ్బు కట్టొద్దు. నమ్మకమైన మనిషని వీధిలో వేసిన చీటీ ఎత్తేస్తే పోయిన డబ్బు రాబట్టుకోవడం మహాకష్టం.

ముందు గోడ, తర్వాత మేడ

అప్పు తీరాక గుంటూరు ఇంటికి ఇలా తగ్గించుకున్న 3,300 నెలనెలా చేతికి మిగులుతుంది. మొదట అది ఆపద్ధనానికి పోవాలి. మూడు నెలల ఇంటి ఖర్చు, దాదాపు తొంభై వేలు. నెలకు మూడు వేల చొప్పున రెండున్నరేళ్లు పడుతుంది. పట్టనివ్వండి. బోనస్ వచ్చినా, జీతం పెరిగినా అందులో సగం ఇక్కడికే పంపితే తొందరగా నిండుతుంది. ఉద్యోగం పోయినా, ఆసుపత్రి పాలైనా మళ్లీ నూటికి మూడు గుమ్మం తొక్కకుండా కాపాడేది ఇదే. సేవింగ్స్ ఖాతాలోనో, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో ఉంచితే చాలు. ఒక బ్యాంకులో ఒక మనిషికి ఐదు లక్షల దాకా డిపాజిట్‌కు బీమా ఉంటుంది.

సంపాదించే మనిషి మీద టర్మ్ బీమా తప్పనిసరి. ఇరవై ఏళ్లు కడితే తిరిగి ఇంత వస్తుందని చెప్పే పాలసీలకు పెద్ద ప్రీమియం కడుతూ, ఇంటిపెద్ద పోతే వచ్చేది మాత్రం రెండు మూడు లక్షలే అన్న ఇళ్లు బోలెడు. బీమాను బీమాగానే కొనాలి. పొదుపు వేరేచోట చేసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియాల మీద 18 శాతం జీఎస్‌టీ పూర్తిగా ఎత్తేశారు. ఇన్నాళ్లూ ఆ భారంతో వెనకాడినవాళ్లకు ఇది మంచి అదను. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకు కొత్త పాలసీలో మూడేళ్ల దాకా ఎదురుచూడాల్సి రావచ్చు. అందుకే ఒంట్లో బాగున్నప్పుడే సొంతది తీసుకోవాలి. కూలీనాలీ చేసుకునేవాళ్లకు కూడా దారి ఉంది. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలకు రెండు లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలకు రెండు లక్షల జీవిత బీమా దొరుకుతాయి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఆ 456 మీరే కట్టండి.

ఇవన్నీ అమరాక దీర్ఘకాలపు పొదుపు. ధరలు ఏడాదికి ఆరు శాతం చొప్పున పెరిగితే పన్నెండేళ్లలో రెట్టింపవుతాయి. ఈ ఇంటి నెల ఖర్చు 28,500 ఇరవై నాలుగేళ్ల తర్వాత 1,14,000. అప్పటికి జీతం ఆగిపోయే వయసు కూడా రావచ్చు. నెలకు మూడు వేలు ఇండెక్స్ ఫండ్ వంటి దాంట్లో సిప్‌గా ఇరవై ఏళ్లు వేస్తే, ఏడాదికి సగటున పది శాతం పెరిగిందనుకుంటే, కట్టింది 7,20,000, చేతికి వచ్చేది 23 లక్షలకు దగ్గర. అదే ఐదేళ్లు ఆలస్యంగా మొదలుపెడితే కట్టేది 1,80,000 తగ్గుతుంది, వచ్చేది పది లక్షలకు పైగా తగ్గి పన్నెండున్నర లక్షల దగ్గర ఆగుతుంది. పది శాతం ఎవరూ హామీ ఇవ్వరు, మధ్యలో పడిపోయిన ఏళ్లుంటాయి. పడిన ఏడాది భయపడి ఆపేసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. ఒడుదొడుకులు వద్దనుకునేవాళ్లకు 7.1 శాతం వడ్డీ ఇస్తున్న పీపీఎఫ్ ఉంది. పదేళ్లలోపు ఆడపిల్ల ఉంటే 8.2 శాతం ఇస్తున్న సుకన్య సమృద్ధి ఉంది. ఈ వడ్డీలను ప్రభుత్వం ప్రతి మూడు నెలలకూ సమీక్షిస్తుంది.

ఉద్యోగం మారిన ప్రతిసారీ పీఎఫ్ తీసి ఖర్చుపెట్టే అలవాటు మన యువతలో బలంగా ఉంది. పాతికేళ్ల వయసులో తీసిన లక్ష, ఎనిమిది శాతం వడ్డీతో అక్కడే వదిలేస్తే తొమ్మిదేళ్లకోసారి రెట్టింపయ్యేది. బంగారం నగలుగా కొంటే తరుగు, మజూరీ, మూడు శాతం జీఎస్‌టీ మొదటి రోజే పోతాయి. అది వేసుకోవడానికి కొనుక్కోవాలి. ఇక త్వరగా ధనవంతులవుదామని ఫ్యూచర్స్, ఆప్షన్ల జోలికి వెళ్తున్న కుర్రాళ్లకు సెబీ లెక్క ఒక్కటి చెప్పాలి. 2021-22 నుంచి మూడేళ్లలో ఇందులో దిగిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. వాళ్లంతా కలిసి పోగొట్టుకున్నది 1,80,000 కోట్లు. ఆ డబ్బును చెల్లి పెళ్లికి దాచిన దాంట్లోంచో, నాన్న రిటైర్మెంట్ సొమ్ములోంచో తీసిన కుర్రాళ్లూ ఉంటారు.

ఆఖరిగా ఒక ఆదివారం పని. ఖాతాలు, డిపాజిట్లు, పాలసీలు, పీఎఫ్, చీటీ, ఇవ్వాల్సినవి, రావాల్సినవి అన్నీ ఒకే పుస్తకంలో రాసి, అది ఎక్కడుందో భార్యాభర్తలిద్దరికీ, పెద్దవాళ్లైన పిల్లలకూ తెలిసేలా పెట్టండి. ప్రతి దాంట్లో నామినీ పేరు ఉందో లేదో చూడండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో ఇంకా అమ్మ పేరో, చనిపోయిన నాన్న పేరో ఉంటుంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత వాటా అన్నది కూడా రాయొచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల పాత ఖాతాలు మరుగున పడి ఉంటే రిజర్వ్ బ్యాంకు తెరిచిన ఉద్గమ్ వెబ్‌సైట్‌లో పేరు, పాన్ నంబరు ఇచ్చి వెతకొచ్చు. పదేళ్లు ఎవరూ కదపని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తాయి గానీ వారసుల హక్కు పోదు. రుజువులు తీసుకుని ఆ బ్యాంకు శాఖకే వెళ్లి అడిగితే వడ్డీతో సహా ఇస్తారు.